రసీదు ఇవ్వని రాజ్యం



కార్యాలయాలలో గుమాస్తాగిరీ చేసిన మాకు ఒక రహస్యం తెలుసు. అర్జీని తిరస్కరించనక్కరలేదు, అందినట్లు రసీదు ఇవ్వకుంటే చాలు.

బెన్ అలీ ఏలుబడిలో ట్యునీషియాలో జరిగినది అదే. సంఘం పెట్టదలచినవారు పత్రాలు సమర్పించిన 3 నెలలలో హోంమంత్రి అభ్యంతరం చెప్పకుంటే సంఘం ఏర్పడినట్లేనని చట్టం. రసీదు ఇస్తే కదా ఆ గడువు మొదలయ్యేది! నచ్చని సంఘాలకు అధికారులు రసీదే ఇచ్చేవారు కారు. మానవ హక్కులవారు అలా ఏళ్ల తరబడి తిరిగారు.

2011 జనవరి 14న బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. ఆ సెప్టెంబరులోనే సంఘాలకు కొత్త చట్టం వచ్చింది, 88వ నంబరు డిక్రీ. అనుమతి అడగనక్కరలేదు, రిజిస్టర్డు పోస్టులో తెలియజేస్తే చాలు. 30 రోజులలో రసీదు తిరిగిరాకపోయినా పత్రాలు అందినట్లే లెక్క. ఆ వాక్యం రాసినవారెవరో గాని, మా గుమాస్తాల గుట్టు బాగా ఎరిగినవారు!

సభల విషయంలో మాత్రం అంత శ్రద్ధ కనబడదు. 2014 రాజ్యాంగం 37వ అధికరణంలో శాంతియుత సమావేశ హక్కును రాసుకున్నారు. గుమికూడిన జనంపై కాల్పులకు సైతం దారి విడిచే 1969 నాటి చట్టాన్ని మాత్రం ఆ తరువాత కూడా రద్దు చేయలేదు. తెరచాటున రసీదు ఎగవేసిన గుమాస్తాను కట్టడి చేసినవారు, వీధిలో తుపాకి పట్టిన పోలీసు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయారు.