బస్తరు నేలలో బంగారు నాణెములు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగరీత్యా తెలుగునేల విడిచి బస్తరు చేరిన మనకు బంగారు నాణెమనగానే జ్ఞప్తికి వచ్చునది అమ్మమ్మల మెడలోని కాసులపేరు. నాణెములు సేకరించువారికి మాత్రము నేడు మరియొకటి జ్ఞప్తికి వచ్చును. అది చైనా దేశపు పాండా నాణెము. 1982లో ఆరంభమైన ఈ బంగారు నాణెముపై పాండా బొమ్మను ఇంచుమించు ప్రతి సంవత్సరమును మార్చుచుందురు. అంతేగాక, కొన్ని సంవత్సరముల నాణెములలో తేదీ అంకెలు కొన్నింట పెద్దవిగను, కొన్నింట చిన్నవిగను ఉండును. ఒకటికంటె ఎక్కువ టంకశాలలలో వేర్వేరు అచ్చులతో ముద్రించుటచే ఇట్టి భేదములు కలుగును. తూకములో తేడా లేదు. బంగారములో తేడా లేదు. అయినను సేకర్త భూతద్దము పట్టుకొని ఆ అంకెలనే చూచును.

ఇది వట్టి వేడుక యని కొందరందురు. కాదని నా మనవి. అందుకు సాక్ష్యము మనమున్న ఈ నేలలోనే కలదు.

కొండగాఁవ్ ప్రాంతమున ఎడెంగా అను గ్రామమున్నది. అచ్చట దొరకిన 32 బంగారు నాణెములను వాసుదేవ విష్ణు మీరాశీ పండితులు పరిశీలించి 1939లో లోకమునకు తెలియజేసిరి. అవి సుమారు క్రీస్తుశకము ఐదవ శతాబ్దిలో ఈ ప్రాంతము నేలిన నలవంశపు రాజులవి. వానిలో 29 వరాహరాజువి; ఒకటి భవదత్తునిది; రెండు అర్థపతివి.

పలుచని రేకువంటి నాణెములవి. ఒక్కొక్కటి రెండు గ్రాముల బరువైనను లేదు. ముందువైపున మూపురముగల వృషభము పరుండి యుండును. దాని చెంత చంద్రరేఖ. క్రింద రాజు పేరు. ప్రతి అక్షరము తలపైనను చిన్న పెట్టెవంటి గుర్తు కలదు. వెనుకవైపున బొమ్మ లేదు. వింత యేమనగా, వరాహరాజు నాణెముపై వరాహము లేదు, వృషభమే యున్నది! మనము నాణెమునకు వాడుకొను ‘వరహా’ యను మాట మాత్రము వరాహ ముద్రనుండి పుట్టినది.

భవదత్తుడును, అర్థపతియు తామ్రశాసనములవలనను మనకు తెలియుదురు. వరాహరాజు అట్లు కాదు. అతని పేరు చెప్పు శిల లేదు, రాగిరేకు లేదు. అతడొక రాజుగా నుండెననుటకు ఈ నాణెములే ఆధారము. అతడు భవదత్తునకు పూర్వుడని మీరాశీ ఊహించుటకును నాణెములమీది అక్షరముల తీరే దారి చూపినది. చూచితిరా! అక్షరపు వంపులో స్వల్పభేదము ఒక వంశవృక్షమున ఒక రాజునకు చోటు కల్పించినది. ఆ 32 నాణెములు కుంపటి పాలైయుండినచో మిగులునది కొలది తులముల బంగారము. పోవునది ఒక రాజు.

మన రాజమహేంద్రవరము సంగతియు నిట్టిదే. నన్నయభట్టారకుని పోషించిన రాజరాజనరేంద్రుని బంగారు నాణెములు, అతని పూర్వుడగు శక్తివర్మ నాణెములు సముద్రమునకు ఆవల, అరకాను తీరమునను సయాము దేశమునను దొరకినవి. నడుమ వరాహము, చుట్టును రాజు పేరు ఒక్కొక్క అక్షరమును వేరువేరుగా ఒత్తియుండును. రాజ్యసంవత్సరపు అంకెయు కనబడును. ఆ అంకె మారిన ప్రతి నాణెమును ఆ యేటి చరిత్రకు సాక్షియే. ఆ శతాబ్దిలోనే, 1060లో, ఇచ్చటి బార్సూరులో చంద్రాదిత్యుడను తెలుగు సామంతుడు చెరువు త్రవ్వించి, గుడి కట్టించి, తెలుగున శాసనము వేయించెను. కనుక ఈ నేల మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఇక మా యింటి మాట యొకటి చెప్పి విరమింతును. మా నాయనమ్మ పెట్టెలో మూడు పాత బంగారు బిళ్లలుండెడివి. ఒకదానిపై అరిగిన అక్షరములుండుట నాకు గుర్తు. నా చెల్లెలి పెండ్లికి అవి గాజులైనవి. కరగించుటకు తీసికొని వెళ్లినవాడను నేనే. గాజులు నేటికిని ఉన్నవి, తూకము తప్పలేదు. ఆ అక్షరములు ఏమి చెప్పెనో చదువువాడు మాత్రము ఇక పుట్టడు.

కావున సోదరులారా, మీ యింట పాత నాణెమున్నచో దానిని చింతపండుతో తోమకుడు, కొంకి అతికింపకుడు, కరగింపకుడు. రెండువైపుల ఛాయాచిత్రము తీయించి, తూకము వ్రాసి, ఎవరినుండి వచ్చినదో పెద్దల నడిగి వ్రాసి పెట్టుడు. త్రవ్వకములలో నిధి దొరకినచో 1878నాటి నిధుల చట్టము ప్రకారము కలెక్టరుగారికి తెలుపుట మన విధి. కొనదలచినవారు ఎచ్చట దొరకినదని మొదట అడుగుడు. పుట్టుచోటు తెలియని నాణెము సగము మూగది.

బంగారమునకు వెల కట్టువారు వీథివీథికిని ఉన్నారు. దానిమీది పేరును చదువువారు మన యిండ్లనుండి రావలెను.

సెలవు.