రాజమహేంద్రవరంలో ఒక పగలు

మొన్న ఆదివారం నేనును నా శ్రీమతియు నిడదవోలులో ప్యాసింజరు ఎక్కి రాజమహేంద్రవరం వెళ్ళినాము. కొవ్వూరు దాటగానే గోదావరి. 1900లో తెరచి 1997లో రైళ్ళు మానిన హేవలాకు వంతెన, 56 ఖానాలతో ఒంటరిగా నిలిచి ఉన్నది.

నేను నన్నయభట్టు ప్రసంగం ఎత్తుకోబోతిని. ఆమె విననిదై వీరేశలింగంగారి ఇంటికి దారి తీసినది. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించినది ఈ ఊరనే. వెలికి జడిసి వంటవారు, నీళ్ళవారు రాకపోగా, రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీళ్ళు మోసి, పెండ్లివారికి వండిపెట్టినారు.

“ఆ బిందెల బరువు ఎవరు వ్రాసినారండీ?” అన్నది శ్రీమతి. ఆమె తాతగారి అక్క పదవయేటనే వితంతువై, ఈ రేవులోనే జీవితమంతా కార్తిక స్నానాలు చేసినదట. పెండ్లియైన ఇరువది ఏండ్లకు, ఆ గడపలో, నాకీ సంగతి తెలిసినది.

తిరుగుబండి వంతెన ఎక్కగానే ఆమె ఒక రూపాయి నదిలోనికి విసిరినది. ఎవరి పేరనో నేనడుగలేదు.