ఏటేటా ఇచ్చు చందా
(బెంగుళూరు తెలుగువారి వార్షిక సమావేశమున ఒక వర్తకుడు చేసిన ఉపన్యాస పాఠము)



నేను పదవ తరగతితో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవాడను. న్యాయశాస్త్రమును గూర్చి మాటలాడుటకు నాకు అర్హత లేదు. కాని ఈ సభలో లా చదివిన మన బిడ్డలు పదిమందికి తక్కువ లేరు. వారు చదివిన కళాశాలలు ఏటేటా వారిని అడుగుచున్న సొమ్మును గూర్చి వర్తకునిగా నాలుగు మాటలు చెప్పదలచితిని.

మొదట నా తప్పు చెప్పుకొందును. మా అన్నగారి కుమార్తె ఒక న్యాయ కళాశాలలో చదివినది. ఆమె పట్టము పుచ్చుకొన్న యేట మా కుటుంబము తరఫున కొంత మొత్తమిచ్చి, గ్రంథాలయపు గోడమీద మా నాయనగారి పేరు చెక్కించితిమి. తరువాత ప్రతి మార్చిలోను కళాశాలనుండి ఉత్తరము వచ్చుచుండెను. "ఒకసారి ఇచ్చితిమి గదా, మరల ఏమి?" అని అమ్మాయిని వారించినవాడను నేనే. పోయిన సంవత్సరము మా వీధి దర్జీగారి కుమారునికి అదే కళాశాలలో సీటు దొరకినది. మొదటి యేటి ఫీజు చేబదుళ్లతో కట్టిరి. రెండవ యేటికి సహాయము కోరగా, ఆ యేటి సహాయనిధి అప్పటికే పంచివేసితిమని సమాధానము వచ్చెను. కుర్రవాడు మా అంగడికి వచ్చి, లెక్కలు వ్రాయు పని ఏమైన కలదా అని అడిగెను. ఆ సమయమున నాకు ఆ గోడమీది పలక జ్ఞాపకము వచ్చి సిగ్గు కలిగినది.

ఈ వార్షిక చందా పద్ధతి క్రొత్తది కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు పూర్వ విద్యార్థులు 1890లోనే ఇట్టి నిధిని నెలకొల్పిరి. దాని కిటుకు మన లెక్కలో చూడుడు. నూటికి ఆరు వడ్డీ చొప్పున ఏటా లక్ష రూపాయలు రావలెనన్న పదునారు లక్షల అరువదియేడు వేల మూలధనము కావలెను. అంత ఇచ్చు దాత ఎప్పుడు దొరకును? రెండువందలమంది తలకు ఐదువందలు ఇచ్చినచో ఆ లక్ష ఈ యేడే చేతికి వచ్చును. వారు మరుసటి యేడును ఇచ్చినచో, మూలధనము లేకయే వడ్డీ వచ్చినట్లు!

మన అంగళ్లకు ఇది తెలియని విద్యయా? బస్తాకింత అని ధర్మాదా వసూలు చేసి సత్రములను, బడులను నడిపినది మన పెద్దలే గదా. ఆ సొమ్మును వారు పెట్టెలో వేరుగా ఉంచెడివారు. బిజ్లీ కాటన్ మిల్సు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ధర్మాదా వర్తకుని ఆదాయము కాదనియు, ధర్మమునకే కట్టుబడిన సొమ్మనియు తీర్పు చెప్పినది. లా చదివినవారికి ఇది నాకన్న బాగుగా తెలియును. తెలిసియు ఇయ్యకపోవుట నాకు వింతగా నున్నది.

మన ఊరి జాతీయ న్యాయ విద్యాలయము 1986 నాటి కర్ణాటక చట్టముచే ఏర్పడి, 1988లో మొదటి తరగతిని చేర్చుకొన్నది. ఆనాటి విద్యార్థులకు ఇప్పుడు తలలు నెరసినవి. మన దేశమున ఇట్టి ఐదేండ్ల చదువునకు అదియే మాదిరి. ఇంకను వయసు మీరని ఇట్టి విద్యాలయములకు వందల యేండ్ల ఆస్తులు ఎక్కడివి? చదివిపోయినవారే వాటి మాన్యములు.

కళాశాలలవారితోను ఒక మాట. అడుగునప్పుడు పెద్ద పుస్తకము అచ్చువేసి పంపకుడు. ఎంత వచ్చినది, ఎంతమంది పిల్లల ఫీజునకు పోయినది, ఎంత మిగిలినది అని ఒక కార్డుముక్క చాలును. లెక్క చూపని అంగడికి ఖాతాదారు రెండవసారి రాడు.

ఆదాయపు పన్ను మాట. పాత పద్ధతిలో పన్ను కట్టువారికి, గుర్తింపు పొందిన సంస్థలకిచ్చు విరాళముపై మినహాయింపు దొరకవచ్చును. రెండువేలు మించిన నగదుకు దొరకదు. క్రొత్త పద్ధతివారికి అసలే లేదు. మీ ఆడిటరును అడుగుడు.

దర్జీగారి అబ్బాయి ఫీజు ఈ యేటికి నలుగురము కలసి కట్టితిమి. ఇంకను మూడేండ్లు ఉన్నవి. మా అమ్మాయి ద్వారమువద్ద నోటుపుస్తకముతో కూర్చుండును. ఎవరు ఏ కళాశాలలో చదివిరో ఆ పేరు, ఏటా ఇయ్యగల మొత్తము వ్రాయుడు. మొదటి పుటలో నా పేరు వ్రాసియున్నది. పలక అక్కరలేదని దాని ప్రక్కనే వ్రాయించితిని.