చిక్కడపల్లి చదువుల లోగిలి

హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి పొద్దున్నే ఎప్పుడైనా వెళ్లారా? తలుపులు తెరిచే వేళకే గేటు దగ్గర జనం! ఎక్కువమంది గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు. జిల్లాల నుంచి వచ్చి చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటారు. లోపల చోటు దొరకనివాళ్లు ఆవరణలోనే చెట్టు నీడ వెతుక్కుంటారు. మధ్యాహ్నం డబ్బాలు విప్పి కూరలు పంచుకుంటూనే కరెంట్ అఫైర్స్ ఒకరినొకరు అడుగుతుంటారు. కోచింగ్ ఫీజు కట్టలేని పిల్లలకు ఇదే కళాశాల. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

పేపర్లు చదివే పెద్దలు సరేసరి, మొదటి పేజీ నుంచి చివరిదాకా చూస్తేగాని లేవరు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు ఊరూరా గ్రంథాలయ వారోత్సవాలు. బాలల దినోత్సవంతో మొదలవుతాయి కనుక వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలతో పిల్లల సందడే సందడి.

ఇదంతా నడిచేది మన సొమ్ముతోనే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బు స్థానిక సంస్థల నుంచి సకాలంలో చేరకపోతే కొత్త పుస్తకాలు రావు. ఈసారి రసీదు అందినప్పుడు ఆ పద్దు చూడండి. మీ ఊరి గ్రంథాలయంలో సభ్యులుగా చేరండి, పిల్లల్నీ చేర్పించండి.