బాకీ చెప్పుకోవడం నామోషీ కాదు

(విజయనగరం జిల్లాలోని ఒక పేటలో, డిగ్రీలో చేరుతున్న పిల్లల కోసం పెట్టిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మాల, మాదిగ, రెల్లి, పైడి ఇళ్లల్లో ఓ గుంటడో గుంటో ఇంటర్ పాసైతే పేటంతా సంబరపడతాం. సీటొచ్చిందంటే మన పని అయిపోయిందనుకుంటాం. సీటు రావడం ఒక ఎత్తు. ఆ సీట్లో మూడేళ్లు కూర్చోవడం ఇంకో ఎత్తు. ఇవాళ ఆ రెండో ఎత్తు గురించే మాట్లాడతాం. పొద్దున్న ఏటి తినాలి, బస్సుకి డబ్బులెక్కడివి, మెస్ బాకీ ఎలా తీరాలి అన్నవి చిన్న సంగతులు కావు. మేం చూసినంతలో మన పిల్లలు పుస్తకం అర్థం కాక చదువు మానలేదు. ఇదిగో, ఇక్కడే మానేశారు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది మేమే మొదలు. నాయన కంబారి. అమ్మ ఊడుపులకీ కోతలకీ వెళ్లేది. 1999లో ఒక రేకుపెట్టె, ఒక దుప్పటి, ఒక కంచం పట్టుకుని శ్రీకాకుళం వెళ్లాం. మాతోపాటు మా పేట కుర్రాడే ఇంకొకడు. లెక్కల్లో మాకంటే గట్టోడు. గది అద్దెకి అడిగితే ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే ప్రశ్న: 'మీరేటోళ్లు బాబూ?' జవాబు చెబితే గది ఖాళీ ఉండదు. ఆఖరికి ఒక హాస్టల్లో చేరాం. స్కాలర్‌షిప్ రాగానే మెస్ బాకీ కట్టేస్తామన్నాం.

దసరా వెళ్లింది. సంకురాత్రి వెళ్లింది. స్కాలర్‌షిప్ రాలేదు. బాకీ ఉన్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద అంటించారు. ఆ రోజు నుంచి మావాడు రాత్రి భోజనానికి రావడం మానేశాడు. 'ఆకలి లేదురా' అనేవాడు. ఆకలి లేనివాడు కుళాయి దగ్గర కడుపునిండా నీళ్లు తాగడు కదా! మాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఎందుకంటే అదే బోర్డు మీద మా పేరు కూడా ఉంది. ఫిబ్రవరిలో ఊరికెళ్లొస్తానని వెళ్లాడు. మరి రాలేదు. ఇవాళ చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. స్కాలర్‌షిప్ మార్చిలో వచ్చింది.

వాడి బాకీ నాలుగు వందల చిల్లర. ఇంటికి పది రూపాయలు వేసినా తీరిపోయేది. కానీ పేటకి తెలీదు. వాళ్ల నాయనకీ తెలీదు. చెప్పుకోడానికి వాడికి నామోషీ, వాడి గురించి చెప్పడానికి మాకు భయం. ఇన్నేళ్లుగా బడిలో పిల్లలకి లెక్కలు చెబుతున్నాం. ఆ ఒక్క లెక్క మాత్రం మాకు తెగలేదు.

బాబాసాహెబ్‌కి ఈ బాధ తెలీదా? బరోడా మహారాజా ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికా వెళ్లారు. అక్కణ్ణుంచి లండన్ వెళ్లాక స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. 1917లో చదువు సగంలో వదిలి తిరిగొచ్చారు. అక్కడితో ఆగిపోయారా? బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టారు. కొల్హాపూర్ సాహు మహారాజ్ సాయం తీసుకున్నారు. నావల్ భటేనా అనే స్నేహితుడి దగ్గర అప్పు తీసుకున్నారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లి చదువు పూర్తి చేశారు. అంతటి మనిషి అప్పడిగారు. మన పిల్లలు అడగడానికి నామోషీ ఏటి?

ఇప్పుడన్నీ మారిపోయాయి కదా అంటారు. లెక్క చూద్దాం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నాటిది. అప్పుడు బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యులు. అది ఎవరో వేసిన భిక్ష కాదు, మన హక్కు. 2021లో కేంద్రం దానికి కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడాది ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉన్న ఎస్సీ కుటుంబాలకి వర్తిస్తుందంది. ఖర్చులో 60 వంతులు కేంద్రానివి, 40 రాష్ట్రానివి అంది. మామూలు డిగ్రీ చదివే పిల్లలకి ఫీజు కాక, హాస్టల్లో ఉంటే ఏడాదికి 6,000 రూపాయలు, ఇంటి నుంచి వెళ్తే 3,000 అని రాసింది. అంటే నెలకి 500. లేదా 250. రోజుకి 17 రూపాయలు కూడా పడదు! ఆ డబ్బుతో మూడు పూటలు ఎలా తినాలో రాసినవాళ్లే చెప్పాలి.

పెద్ద యూనివర్సిటీలో మాత్రం? రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మనకి లేకుండా పోయాడు. తనకి ఏడు నెలల ఫెలోషిప్ రావాలని ఆఖరి ఉత్తరంలో కూడా రాశాడు. ఆ బాకీ మన పిల్లల్ని పీహెచ్‌డీ దాకా వెంటాడుతుంది.

అందుకని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు కాలేజీ తెరవకముందే తీయించండి. పదో తరగతి సర్టిఫికెట్లో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. అక్షరం తేడా వస్తే డబ్బు ఆగిపోద్ది. ఆఫీసుకి ఒక్కరే వెళ్లొద్దు, ముగ్గురు కలిసి వెళ్లండి. నోటిమాటగా అడగొద్దు, అర్జీ రాసి రసీదు తీసుకోండి. ఖర్చు రోజూ రాసుకోండి. డబ్బు తక్కువైతే సినిమా మానండి, బువ్వ మానొద్దు. పక్కవాడు బువ్వ మానేస్తే మాలాగ మూగోళ్లయిపోకండి. ఆ రాత్రే పేటకి ఫోన్ చేయండి.

తల్లిదండ్రులకి ఒక మాట. ఫోన్లో 'మార్కులెన్ని?' అని తర్వాత అడగండి. 'ఏటి తిన్నావు? బాకీ ఎంతుంది?' అని ముందడగండి. ఆడపిల్ల బాకీ చెబితే 'పెళ్లి చేసేద్దాం, చదువు మాన్పించేద్దాం' అనకండి. అలాగంటే ఇంకోసారి చెప్పదు.

కార్యకర్తలకీ ఒక మాట. ఏప్రిల్ 14కి ఫ్లెక్సీల మీద ఎంత ఖర్చు పెడుతున్నామో మనకి తెలుసు. ఒక్క ఫ్లెక్సీ తగ్గించి ఆ డబ్బుతో పేట చదువు నిధి మొదలెడదాం. ఇంటికి నెలకి ఇరవై రూపాయలు వేద్దాం. పుస్తకం ఇద్దరు ఆడవాళ్ల చేతిలో పెడదాం. స్కాలర్‌షిప్ వచ్చేదాకా మెస్ బాకీ అందులోంచి కడదాం, వచ్చాక తిరిగి వేయిద్దాం. అలాగని సర్కారుని వదిలేది లేదు. నిధి పిల్లల్ని కాలేజీలో నిలబెట్టడానికి, పోరాటం సర్కారు చేత బాకీ కక్కించడానికి. రెండూ కావాలి.

మొదటి ఇరవై మావి. ఇదిగో, ఇక్కడ పెడుతున్నాం. చెన్నై వెళ్లిపోయిన మావాడి పేరు మీద ఇంకో ఇరవై.

జై భీమ్!