చలి ఎరిగిన విత్తనం



"మేము పడ్డ కష్టం మా పిల్లలకు తెలియకూడదు" అని మనలో అనేకులం అంటూ ఉంటాం. ఈ దినమున ఒక చెట్టును గూర్చి ఆలోచన చేద్దాం.

నార్వే దేశపు అడవుల్లో స్ప్రూస్ అనే చెట్టు ఉంది. శీతాకాలపు మంచు రాకమునుపే అది ఎదుగుదల ఆపి మొగ్గ మూసుకోవాలి. ఆలస్యమైతే లేత కొమ్మ మాడిపోతుంది. విత్తనం బాగా దొరుకుతుందని ఉత్తరాది చలిప్రాంతపు చెట్ల అంట్లను దక్షిణాన వెచ్చని తోటల్లో పెంచారు. ఆ విత్తనాల మొక్కలు మాత్రం మొగ్గ ఆలస్యంగా మూశాయి, చలికి అంతగా ఓర్వలేకపోయాయి.

కారణమేమి? అటవీ జన్యు పరిశోధకులు ఒకే తల్లిదండ్రుల విత్తనాలను కొన్ని చలిలో, కొన్ని వెచ్చదనంలో ఏర్పడనిచ్చారు. 2005లో వచ్చిన ఫలితాల్లో సంగతి తేటపడింది. చలిలో ఏర్పడిన విత్తనపు మొక్కే ముందుగా మొగ్గ మూసింది. జన్యువుల వ్రాత మారలేదు. అయినా గింజలో ఉండగా తగిలిన చలి మొక్కకు గుర్తుంది.

గమనించండి, కష్టం మంచిదని నేను చెప్పడం లేదు. మంచు చెట్టును చంపగలదు కూడా. అయితే తాను ఎరిగిన చలిని తల్లిచెట్టు బిడ్డకు దాచలేదు. మన పిల్లలకు అది గింజలో అందదు, మనమే నోరు తెరచి చెప్పాలి. అప్పు తీరక మీరు ఏడ్చిన రాత్రిని, దేవుడు గట్టెక్కించిన విధమును ఈ రాత్రి భోజనం దగ్గర చెబుతారా?

దేవుడు మిమ్మును దీవించును గాక.