క్లచ్ చెప్పే మాట వినండి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు పింఛను లెక్కల గురించి, ఆరోగ్యం గురించి చక్కగా చెప్పారు. ప్రభుత్వ జీపు స్టీరింగు పట్టుకుని ఉద్యోగమంతా గడిపిన నాకు అంత పెద్ద విషయాలు తెలియవు. తెలిసినదల్లా బండి ఒక్కటే. మనలో చాలామంది ఇళ్ళల్లో పిల్లలు వదిలి వెళ్ళిన కారో, మనం కొనుక్కున్న పాత కారో ఉంది. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళాలంటే అదే దిక్కు. అందుకని క్లచ్ గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఇంజను చివర ఫ్లైవీలు తిరుగుతూ ఉంటుంది. దానికీ ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు బిగిసి ఉంటుంది. పెడల్ వదిలితే మూడూ కలిసి తిరిగి, ఇంజను బలం చక్రాలకు చేరుతుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు ముందుకు వచ్చి ప్రెషర్ ప్లేటును నొక్కుతుంది, మధ్యలో ప్లేటు విడిపోతుంది. ఆ ప్లేటుకు రెండువైపులా ఉండే లైనింగు మన చెప్పుల అడుగులాంటిది, వాడిన కొద్దీ అరుగుతుంది. ఒకే రకం కారుకి ఒకరి చేతిలో 1,00,000 కిలోమీటర్లు వచ్చే ప్లేటు, ఇంకొకరి చేతిలో 30,000కే అయిపోవచ్చు. తేడా కాలులో ఉంది.

పెడల్ మీద కాలు ఆనించి నడపడం మొదటి తప్పు. రైలు గేటు దగ్గరో, ఎత్తు మీదో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టడం రెండోది. అక్కడ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయాలి. మన ఉద్దానంలో మూడోది ఒకటుంది, ఇసుక. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో బండి దిగబడిందంటే యాక్సిలరేటర్ తొక్కి, హాఫ్ క్లచ్ మీద ముందుకీ వెనక్కీ లాగుతాం. పది నిమిషాలు అలా చేస్తే ప్లేటు కాలిన వాసన వస్తుంది.

ఆ తప్పు నేనే చేశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన పలాస దగ్గరే తీరం దాటింది. వజ్రపుకొత్తూరు మండలంలోని పల్లెలో ఉండే మా బావగారికి అప్పటికే వారానికి రెండుసార్లు డయాలసిస్. మూడోనాడు టెక్కలి నుంచి నా పాత మారుతి 800 తీసుకుని పూండి మీదుగా వెళ్ళాను. రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి. తోటల్లోంచి దారి చేసుకుంటే ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. ఎలాగో లాక్కుని ఆయన్ని పలాస చేర్చాను. వాసన వచ్చింది, తుఫానులో ఇదెంత అనుకున్నాను.

తరువాత మూడు నెలలు ఆ క్లచ్ నాతో చెబుతూనే ఉంది. ఇంజను గట్టిగా అరుస్తోంది, బండి మాత్రం వేగమందుకోవడం లేదు. "మెకానిక్‌కి చూపించకూడదా?" అని మా ఇంట్లోవాళ్ళు అంటే, "వచ్చే నెల పింఛను రానీ" అన్నాను. మనందరికీ అలవాటైన మాటే. సంక్రాంతి వెళ్ళాక ఒక ఉదయం బావగారిని ఎక్కించుకుని కాశీబుగ్గ వైపు వస్తుంటే దారి మధ్యలో బండి ఆగిపోయింది. ఇంజను నడుస్తూనే ఉంది, చక్రం కదలదు. "ఏటయింది బావా?" అన్నారాయన. ఏమని చెప్పను? ఆటో దొరికేసరికి ఆలస్యమైంది, ఆయన వంతు దాటిపోయింది, మర్నాడు రమ్మన్నారు. ఆ రాత్రి ఊపిరాడక 108లో తీసుకెళ్ళాం. గండం గడిచింది. ఆయన మరో ఏడాదిన్నర ఉన్నారు, ఒక్కసారీ నన్ను నిష్ఠూరమాడలేదు. అందుకే నాకింకా బాధ.

కాబట్టి మిత్రులారా, గుర్తులు తెలుసుకోండి. ఇంజను అరుస్తూ బండి సాగకపోతే ప్లేటు జారుతోందన్నమాట. గేరు పడేటప్పుడు గరగరలాడితే క్లచ్ పూర్తిగా విడటం లేదు. పెడల్ తొక్కినప్పుడే చప్పుడు వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి. కేబుల్ ఉన్న బండిలో పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి. బరువు తగిలేలోగా కొంత వదులుండాలి. ఎంతో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ప్లేటు అరిగిన కొద్దీ ఆ వదులు తగ్గుతుంది, కేబుల్ సాగితే పెరుగుతుంది. ఆయిలుతో పనిచేసే క్లచ్ అయితే డబ్బాలో ఆయిలు మట్టం చూడండి. తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్లే.

ఇసుకలో దిగబడితే క్లచ్‌తో కుస్తీ పట్టకండి. చక్రాల ముందు ఇసుక తవ్వి, ఇంజను తిప్పే చక్రాల కింద కొబ్బరి మట్టలు పరచండి. నలుగురిని తోయమని మొదటి గేరులో మెల్లగా తీయండి. ఆ మట్టలకి మన దగ్గర కొరతా?

ఇక మార్చేటప్పుడు. నేను పొదుపు చేద్దామని "ప్లేటు ఒక్కటే వెయ్యి నాయనా" అన్నాను. మెకానిక్ వద్దన్నా వినలేదు. మూడు నెలలకు పాత రిలీజ్ బేరింగు కూత పెట్టింది. బేరింగు చిన్నదే గాని, దానికోసం గేర్ బాక్స్ మళ్ళీ దించాలి, కూలి మళ్ళీ ఇవ్వాలి. అందుచేత ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకేసారి మార్పించండి. ఫ్లైవీలు మీద గాట్లు, కాలిన మచ్చలు ఉన్నాయేమో, ఇంజను వెనక ఆయిల్ సీల్ కారుతోందేమో అప్పుడే చూపించండి. ఆయిలు తగిలితే కొత్త ప్లేటూ జారుతుంది. ఇంకొక మాట. పాతకాలపు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ ధూళిని ఊదవద్దు, తడిగుడ్డతో తుడవమనండి. మన ఊపిరితిత్తులకే కాదు, ఆ మెకానిక్ కుర్రవాడి ఊపిరితిత్తులకూ మంచిది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మా బావగారు చూడలేకపోయారు. ఆసుపత్రి దగ్గరకు వచ్చినా, తోటలోని ఇంటి నుంచి ఆ గుమ్మం దాకా తీసుకెళ్ళే బాధ్యత మనదే. బండి ముందుగానే చెబుతుంది. వచ్చే నెల పింఛను దాకా ఆగకుండా ఈ నెలలోనే వినండి.